నొక్కిన గాలి, పెరిగిన బలము: మెర్సిడిస్-బెంజ్ 540కె

మోటారు ఇంజను పెట్రోలు త్రాగి పనిచేయునని అందరును అందురు. ఈ మాట తప్పు కాదు గాని సగము మాత్రమే నిజము. తూచి చూచినచో ఇంజను లోనికి పోవు సరకులో పెట్రోలు పాలు మిక్కిలి కొద్ది, తక్కినదంతయు గాలియే. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 15 కిలోగ్రాముల గాలి కావలెను. ఆ పెట్రోలు ఒకటిన్నర లీటరు సీసాలో ఇమిడిపోవును. దానిని మండించుటకు కావలసిన గాలి మాత్రము పన్నెండు ఘనమీటర్లకు పైబడును. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలోని గాలి అంతయు దానికి చాలీ చాలకుండును.

పెట్రోలు ద్రవము గనుక ఎంత కావలసిన అంత పంపుతో లోనికి పంపవచ్చును. గాలి సంగతి అట్లు కాదు. పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులో పీడనము తగ్గును. అప్పుడు బయటి వాతావరణ పీడనము గాలిని లోనికి త్రోయును. పిస్టను గాలిని పీల్చుచున్నదని మనము అనుకొందుము గాని, నిజమునకు పని చేయునది వాతావరణమే. అది త్రోయగలిగిన దానికంటె ఎక్కువ గాలి లోనికి రాదు. ఇంజను బలమునకు హద్దు ఇచ్చట ఉన్నది.

ఈ హద్దును దాటవలెనన్న సిలిండర్లను పెద్దవి చేయవచ్చును, లేదా ఇంజనును మరింత వేగముగ త్రిప్పవచ్చును. ఈ రెండును కాక వేరొక మార్గము కూడ కలదు: వాతావరణము చేయు పనిని దానికే విడిచిపెట్టక, ఒక యంత్రముతో గాలిని బలవంతముగ లోనికి నెట్టుట. రెండు ప్రపంచయుద్ధముల నడుమ జర్మనీలో మెర్సిడిస్ కారులను నిర్మించిన ఇంజనీర్లు ఈ మార్గమున చాల దూరము నడచిరి. వారి ప్రయాణములో చివరి మజిలీలలో ఒకటి 1936లో వెలువడిన 540కె. పొడవైన బానెట్టు, ఒంపులు తిరిగిన మడ్‌గార్డులు, మెరయు క్రోమియపు పూతలు చూచి ఆ కారును పొగడువారు నేటికిని చాలమంది కలరు. ఆ బానెట్టు క్రింద ఏమి జరిగినది, దానికి ఎంత వెల చెల్లించవలసి వచ్చినది అను విషయము అంతకంటె ఆసక్తికరమైనది.

ఆకాశము నుండి నేలకు

గాలిని నెట్టవలసిన అవసరము మొదట గట్టిగా తెలిసినది విమానములకు. భూమినుండి పైకి పోవు కొలది గాలి పలుచబడును. సుమారు 5,500 మీటర్ల ఎత్తున వాతావరణ పీడనము సముద్రమట్టము నందలి దానిలో సగమే. అచ్చట విమానపు ఇంజనుకు సగము గాలియే దొరకును. బలము కూడ ఇంచుమించు సగమునకు పడిపోవును. మొదటి ప్రపంచయుద్ధ కాలములో స్టుట్‌గార్ట్ నగరమునందలి డైమ్లర్ సంస్థ విమానపు ఇంజన్లను తయారుచేయుచుండెను. ఆ సంస్థకు ప్రధాన ఇంజనీరు, స్థాపకుడైన గోట్లీబ్ డైమ్లర్ కుమారుడు పౌల్ డైమ్లర్. ఎత్తున పోయిన బలమును తిరిగి రాబట్టుటకు గాలిని నొక్కి పంపు యంత్రమును ఇంజనుకు జతచేయు ప్రయత్నములు ఆయన ఆధ్వర్యమున జరిగినవి.

యుద్ధములో జర్మనీ ఓడిపోయెను. వెర్సెయిల్స్ సంధి ఆ దేశమున విమానముల తయారీని కట్టడి చేసెను. నేర్చిన విద్య మాత్రము చేతిలో ఉన్నది. నేలమీద నడచు కారుకు ఎత్తుల బాధ లేదు. అయినను నిండుగ ఉన్న గాలికి మరికొంత గాలిని చేర్చినచో చిన్న ఇంజనే పెద్ద ఇంజను వలె పనిచేయును గదా అని వారు ఆలోచించిరి. 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో గాలి నెట్టు యంత్రము గల మెర్సిడిస్ కారులను ప్రదర్శించిరి. ఈ యంత్రమునకు జర్మనులు పెట్టిన పేరు ‘కొంప్రెసర్’. 540కె అను పేరులోని ‘కె’ దానికే గుర్తు. 540 అనునది 5.4 లీటర్ల ఇంజను పరిమాణమునకు గుర్తు.

ఆ కాలపు మెర్సిడిస్ కారుల పేర్లలో ఒక చిత్రము కలదు. ఒక కారు పేరు 10/40/65. మొదటి అంకె ప్రభుత్వము పన్ను వేయుటకు లెక్క కట్టిన అశ్వశక్తి. రెండవది కొంప్రెసర్ పనిచేయనపుడు ఇంజను ఇచ్చు బలము, మూడవది అది పనిచేయునపుడు ఇచ్చునది. ఒకే ఇంజనుకు రెండు బలములు చెప్పవలసిన అవసరము ఏల వచ్చినదో గ్రహించినచో ఈ కారుల కీలకము తెలిసినట్లే.

పౌల్ డైమ్లర్ వెళ్లిపోయిన తరువాత 1923లో ఆ స్థానమునకు ఫెర్డినాండ్ పోర్షే వచ్చెను. 1924లో సిసిలీ ద్వీపమున జరిగిన టార్గా ఫ్లోరియో పందెమును రెండు లీటర్ల కొంప్రెసర్ కారు గెలిచినది. 1926లో డైమ్లర్, బెంజ్ సంస్థలు ఏకమైనవి. 1927 నుండి ఆరు సిలిండర్ల ‘ఎస్’, ‘ఎస్‌ఎస్‌కె’ కారులు వచ్చినవి; ఎస్‌ఎస్‌కె ఇంజను ఏడు లీటర్లకు పైబడినది. వాటిలో ఒక తేలిక రకమును నడిపి రుడోల్ఫ్ కరాచియోలా 1931లో ఇటలీ దేశపు మిల్లే మిల్యా పందెమును గెలిచెను. ఇటలీవాడు కాని డ్రైవరు ఆ పందెమును గెలుచుట అదే మొదటిసారి. ఇవి పందెపు రక్తము గల కారులు, నడుపువానికి సుఖము తక్కువ. అదే యంత్రమును ధనవంతుల సుఖప్రయాణమునకు తగినట్లు మలచిన వరుస 1933లో 380 రకముతో ఆరంభమైనది. 1934లో 500కె, 1936లో 540కె దాని వెంట వచ్చినవి.

రెండు 8 అంకెలు

కొంప్రెసర్ నిర్మాణము చాల సులభము. దీనిని కార్ల కొరకు కనిపెట్టలేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమునకు చెందిన రూట్స్ సోదరులు 1860లో దీనికి పేటెంటు పొందిరి. ఇనుము కరగించు కొలుములకు గాలి ఊదుటకు, గనులలోనికి గాలి పంపుటకు అది ఎంతో కాలము ఉపయోగపడినది. అనగా ఇది కమ్మరి కొలిమితిత్తికి దూరపు చుట్టము.

ఒక మూసిన పెట్టెలో ప్రక్కప్రక్కన రెండు ఇరుసులు ఉండును. ఒక్కొక్క ఇరుసుపై ఒక్కొక్క లోహపు దిమ్మ బిగించబడి ఉండును. అడ్డముగా కోసి చూచినచో ఆ దిమ్మ మన 8 అంకె వలె ఉండును. ఇరుసుల చివర పండ్లచక్రములు ఉండుటచే రెండు దిమ్మలును ఎదురెదురు దిశలలో ఒకే లయతో తిరుగును. ఒకదాని ఉబ్బు మరొకదాని నడుములోనికి ఇమిడిపోవుచుండును గాని అవి ఒకదానినొకటి తాకవు. దిమ్మకును పెట్టె గోడకును నడుమ చిక్కిన గాలి ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మోయబడును.

ఇచ్చట విద్యార్థులు ఒక సందేహము అడుగవలెను. ఈ యంత్రము గాలిని ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మోయుచున్నదే గాని, మోయునపుడు నొక్కుట లేదు. అట్లయిన పీడనము ఎట్లు పెరుగును? అది మోసుకొని వచ్చునంత గాలిని ఇంజను మ్రింగలేకపోవుటయే దీనికి కారణము. తిరునాళ్లలో గుడి ద్వారము ఒక్కసారి పదిమందిని మాత్రమే పోనిచ్చును. వెనుకనుండి పదిహేనుమంది చొప్పున వచ్చుచున్నచో ద్వారము ముందర జనము క్రిక్కిరియును. గాలి కూడ అట్లే క్రిక్కిరియును. దిమ్మ నడుమ చిక్కిన పలుచని గాలి ఈ చిక్కని గాలి ఎదుట తెరచుకొన్న ప్రతిసారి చిక్కని గాలి ఒక్క ఉదుటున వెనుకకు దూకును. ఇది సెకనుకు వందలసార్లు జరుగును. కొంప్రెసర్ పనిచేయునపుడు ఆ కారులు చేయు కీచుమను అరుపు ప్రసిద్ధమైనది. దానికి పుట్టిల్లు ఈ వెనుకదూకుడే.

540కె లో ఈ యంత్రము ఇంజను ముందు భాగమున ఉండును. దానికి క్రాంకు ఇరుసునుండి బలము అందును గాని, ఎల్లవేళల కాదు. నడుమ ఒక క్లచ్చి ఉన్నది. మామూలు ప్రయాణములో కొంప్రెసర్ ఊరకుండును. గాలి దానితో పని లేకుండ వేరు త్రోవన తిన్నగా కార్బ్యురేటరు చేరును. డ్రైవరు వేగపు పెడలును చివరివరకు నొక్కి, అచ్చట తగులు అడ్డును కూడ దాటి ఇంకను అదిమినచో రెండు పనులు ఒకేసారి జరుగును. క్లచ్చి పట్టుకొని కొంప్రెసర్ తిరుగనారంభించును. గాలి మామూలుగ వచ్చు త్రోవ మూసికొనును. ఇక కార్బ్యురేటరుకు వచ్చునదంతయు నొక్కిన గాలియే. పాదము ఎత్తినచో అంతయు యథాస్థితికి వచ్చును. మరొక కారును దాటునపుడు, నిటారైన ఘాటు ఎక్కునపుడు కొద్దిసేపు వాడుటకే ఈ ఏర్పాటు.

ఇతర దేశములవారు ఈ పని వేరొక విధముగ చేసిరి. ఇటలీ ఆల్ఫా రోమియోలో, ఫ్రాన్సు బుగాటిలో మొదట కార్బ్యురేటరు, తరువాత కొంప్రెసర్ ఉండును. అనగా పెట్రోలు కలిసిన గాలి యంత్రము గుండ పోవును. అట్టి కారులో కొంప్రెసర్ ఎల్లప్పుడును తిరుగుచుండవలెను. మెర్సిడిస్ పద్ధతిలో కొంప్రెసర్ ముందు, కార్బ్యురేటరు వెనుక. కావుననే దానిని కావలసినపుడు కలిపి, అక్కరలేనపుడు విడదీయుట సాధ్యమైనది. కాని దీనివలన ఒక చిక్కు వచ్చినది. కార్బ్యురేటరు పనిచేయుట పీడనముల తేడా మీద ఆధారపడి ఉన్నది. సన్నని గొంతు గుండ గాలి పరుగెత్తునపుడు అచ్చట పీడనము తగ్గి, ప్రక్కనున్న గిన్నెలోని పెట్రోలు పైకి లేచి చిమ్మును. గొంతులోనికి నొక్కిన గాలి వచ్చినచో పెట్రోలు పైకి లేచుటకు బదులు గిన్నె లోనికే వెనుకకు నెట్టబడును! కావున గిన్నెను కూడ అదే నొక్కిన గాలితో కలుపవలెను. పెట్రోలును ఆ పీడనమును మించిన పీడనముతో గిన్నెకు పంపవలెను. ప్రతి కీలును గాలి కారకుండ బిగించవలెను. పై పద్ధతిలో వేరొక లాభము కూడ ఉన్నది: పెట్రోలు ఆవిరియగునపుడు గాలిని చల్లబరచును. ఎడతెగని బలము కావలసిన పందెపు కారులలో 1937లో మెర్సిడిస్ ఇంజనీర్లు సైతము తమ పద్ధతిని వదలి ఈ రెండవ పద్ధతికి మారిరి.

లెక్క

540కె ఇంజనులో ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉన్నవి. ఒక్కొక్క సిలిండరు వ్యాసము 88 మిల్లీమీటర్లు, పిస్టను నడక 111 మిల్లీమీటర్లు. గుణించి చూచుకొనినచో మొత్తము పరిమాణము 5,401 ఘన సెంటీమీటర్లు వచ్చును. కొంప్రెసర్ లేనపుడు ఇంజను బలము 115 అశ్వశక్తి, ఉన్నపుడు 180. ఈ గరిష్ఠ బలము నిమిషమునకు 3,400 చుట్లవద్ద లభించును.

ఈ అంకెలను గాలి బరువునుండియే రాబట్టవచ్చునేమో చూతము. నాలుగు నడకల ఇంజనులో ప్రతి సిలిండరును రెండు చుట్లకు ఒకసారి నిండును. 3,400 చుట్లకు 1,700 సార్లు. ఒక్కసారికి 5.4 లీటర్ల చొప్పున నిమిషమునకు 9,180 లీటర్లు, అనగా సుమారు 9.2 ఘనమీటర్లు. ఘనమీటరు గాలి 1.2 కిలోగ్రాములు తూగును గనుక 11 కిలోగ్రాములు. కాని గొట్టముల ఒరపిడి వలన, కవాటములు తెరచియుండు కాలము చాలకపోవుట వలన సిలిండరు పూర్తిగా నిండదు. నాలుగింట మూడు వంతులు నిండుననుకొన్నచో గాలి 8.25 కిలోగ్రాములు, దానికి తగిన పెట్రోలు 0.55 కిలోగ్రాము. కిలోగ్రాము పెట్రోలు మండినచో సుమారు 44,000 కిలోజౌళ్ల ఉష్ణము పుట్టును. కావున నిమిషమునకు 24,200 కిలోజౌళ్లు, సెకనుకు 403. అట్టి ఇంజను ఈ ఉష్ణములో అయిదవ వంతును మాత్రమే పనిగా మార్చుననుకొన్నచో 81 కిలోవాట్లు వచ్చును. జర్మనుల అశ్వశక్తి 0.7355 కిలోవాటు. భాగించినచో 110! సంస్థ చెప్పినది 115. ఇంత మోటు లెక్కకు ఈ పొందిక చాలును. మిగిలిన నాలుగు వంతుల ఉష్ణము పొగగొట్టము గుండ, రేడియేటరు గుండ గాలిలో కలిసిపోవును.

కొంప్రెసర్ వలన బలము 115 నుండి 180కి, అనగా నూటికి 57 వంతులు పెరిగినది. ఇది ఉచితముగ రాలేదు. కొంప్రెసర్‌ను త్రిప్పుటకు కావలసిన బలమును ఇంజనే ఇవ్వవలెను. అంతకంటె పెద్ద చిక్కు వేడిమి. సైకిలు పంపుతో గాలి కొట్టిన ప్రతి పిల్లవానికి పంపు చివర వేడెక్కునని తెలియును. వాయువును త్వరగా నొక్కినచో దాని ఉష్ణోగ్రత పెరుగును. 20 డిగ్రీల గాలిని వాతావరణ పీడనమునకు ఒకటిన్నర రెట్లు నొక్కుదమనుకొందము. బయటికి ఉష్ణము పోకుండ ఉత్తమముగ నొక్కినను అది 56 డిగ్రీలకు చేరును. వేడి వలన గాలి వ్యాకోచించును గనుక సాంద్రత ఒకటిన్నర రెట్లు కాక 1.34 రెట్లు మాత్రమే పెరుగును. ఆశించిన లాభములో మూడవ వంతు వేడిమి పాలైనది. వెనుకదూకుడు గల రూట్స్ యంత్రములో నష్టము ఇంకను ఎక్కువ.

పైగా, వేడి గాలి, ఎక్కువ పీడనము కలిసినచో పెట్రోలు నిప్పురవ్వ కొరకు వేచియుండక, మంట చేరకమునుపే దానంతటది అంటుకొనును. అప్పుడు సుత్తితో కొట్టినట్లు ఇంజను శబ్దము చేయును. ఎక్కువ సేపు అట్లు జరిగినచో పిస్టన్లు కరగును, పగులును. 1930 ప్రాంతపు పెట్రోలు ఈ విషయమున నేటి పెట్రోలు కంటె చాల బలహీనమైనది. కావున కొంప్రెసర్ గల ఇంజనులో పిస్టను నొక్కు నిష్పత్తిని తక్కువగా ఉంచవలసివచ్చెను. నిష్పత్తి తక్కువైనచో ఉష్ణము పనిగా మారు వంతు తగ్గును. అనగా అరుదుగా వాడు అదనపు బలము కొరకు, ఎల్లప్పుడును వాడు మామూలు బలములో కొంత వదలుకొనుట అన్నమాట. ఆ కారు లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడచుటకు దాని బరువుతోబాటు ఇదియు ఒక కారణము. కారు పేరులో ఒకప్పుడు రెండు బలములు చెప్పుటకు అసలు హేతువు కూడ ఇదే. రెండవ బలము అప్పు వంటిది. కొద్దిసేపు తీసికొని తిరిగి ఇచ్చివేయవలెను.

చక్రములు విడిపోయిన వైనము

కొంప్రెసర్ అరుపు వలన అందరి చెవులును దానివైపే తిరిగినవి. కాని ఈ కారులలో నిజముగ ముందుచూపు గల పని చక్రముల వద్ద జరిగినది.

అంతవరకు కారులలో రెండు ముందు చక్రములను ఒకే ఇనుప దూలము కలిపి ఉంచెడిది. ఎద్దుబండి ఇరుసు వలె. ఎడమ చక్రము రాయి ఎక్కినచో దూలము వంగి కుడి చక్రము కూడ ఒరుగును. నెమ్మదిగ పోవు బండికి దీనివలన బాధ లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనుకు పదకొండు, పన్నెండు చుట్లు తిరుగుచుండును. ఇట్లు తిరుగు చక్రమును ఒరిపినచో ఏమగునో తరగతిలో చూపవచ్చును. సైకిలు చక్రము ఇరుసును రెండు చేతులతో పట్టుకొని, మరొకరిచే దానిని వేగముగ త్రిప్పించి, ఇరుసు ఒక కొనను పైకెత్త ప్రయత్నించవలెను. చక్రము పైకి ఒరుగుటకు బదులు ప్రక్కకు తిరుగును. బొంగరము పడిపోకుండ తల త్రిప్పుటకు కారణమైన ధర్మమే ఇది. కారులో ముందు చక్రము ప్రక్కకు తిరుగుటయనగా స్టీరింగు తనంతట తాను కదలుట. ఒక్క రాయి తగిలిన వెంటనే రెండు చక్రములును ఎడమకు కుడికి కొట్టుకొనసాగును. డ్రైవరు చేతులు అదరిపోవును. వేగము పెరిగిన కొలది ఇది ప్రాణాపాయమగును.

పోర్షే వెళ్లిపోయిన తరువాత, హాన్స్ నీబెల్ ప్రధాన ఇంజనీరుగా ఉన్న కాలమున, 1933 నాటి 380 రకములో ఈ దూలమును తీసివేసిరి. ఒక్కొక్క ముందు చక్రమును క్రింద ఒకటి, పైన ఒకటి రెండు త్రికోణపు చేతులు పట్టుకొనును. నడుమ చుట్టల స్ప్రింగు బరువును మోయును. ఒక చక్రము ఎగిరినచో రెండవదానికి తెలియదు. ఎగిరిన చక్రము కూడ ఒరుగక ఇంచుమించు నిలువుగనే పైకి లేచును. పాత పట్టీల స్ప్రింగు ఇరుసును స్థానమున నిలుపుట, బరువు మోయుట, తన పట్టీల ఒరపిడితో ఊపును తగ్గించుట అను మూడు పనులను ఒక్కటే చేసెడిది. ఏదియు చక్కగా చేయలేకపోయెడిది. ఇప్పుడు చేతులకు ఒక పని, స్ప్రింగుకు ఒక పని, ఊపు తగ్గించు షాకబ్జార్బరుకు ఒక పని పంచబడినవి. 500కె, 540కె లకు ఈ ఏర్పాటే సంక్రమించినది. ఈ సూత్రమే కొద్దికాలములో ప్రపంచమంతట వ్యాపించినది. నేడు వీధిలో ఏ కారు క్రిందికి వంగి చూచినను ముందు చక్రముల వద్ద ఏదో ఒక రూపమున ఈ పని పంపకము కనబడును.

వెనుక చక్రముల సంగతి అంత చక్కగా లేదు. అచ్చట ఊగు ఇరుసును వాడిరి. నడుమనున్న పండ్లచక్రముల పెట్టెను చట్రమునకు బిగించి, దాని ఇరుప్రక్కల కీలుతో కూడిన అర ఇరుసులను అమర్చిరి. పక్షి రెక్కలాడించినట్లు అవి పైకి క్రిందికి ఊగును. కంకర బాటపై సుఖమే గాని, రెక్క ఊగినచో చివరనున్న చక్రము కూడ ఒరుగవలసినదే. వేగముగ మలుపు తిరుగునపుడు నేల బయటి చక్రమును ప్రక్కకు త్రోయును. ఆ త్రోపు కీలు కంటె క్రింది మట్టమున పడుట వలన కారు వెనుక భాగము పైకి లేచి, చక్రము లోపలికి ముడుచుకొనజూచును. అప్పుడు రోడ్డుపై పట్టు హఠాత్తుగ తప్పును. ఈ దోషము తెలిసియు ఆ సంస్థ ఊగు ఇరుసును యుద్ధము తరువాత కూడ ఎన్నో ఏండ్లు వదలలేదు. 1954 నాటి ప్రసిద్ధమైన 300ఎస్‌ఎల్ కారులో సైతము అది ఉన్నది.

బరువు

540కె బాడీతో కలిపి సుమారు రెండున్నర టన్నులు. గంటకు 170 కిలోమీటర్ల వేగము దానికి సాధ్యము. ఆ వేగమున దాని గతిశక్తి దాదాపు 2,800 కిలోజౌళ్లు. బ్రేకు వేసి నిలిపినచో ఈ శక్తి అంతయు బ్రేకు డ్రమ్ములలో ఉష్ణముగ మారవలెను. తొమ్మిదిన్నర లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి మరగు స్థితికి తెచ్చుటకు చాలునంత వేడిమి అది! పాదము బలము ఒక్కటే ఇట్టి బండిని ఆపజాలదు. నూనె పీడనముతో నాలుగు చక్రములకును సమానముగ పోవు బ్రేకులు ఇచ్చి, ఇంజను పీల్పు వలన కలుగు శూన్యమును పాదమునకు సాయముగ వాడిరి. గాలిని లోనికి నెట్టు కారే, గాలి లేమిని కూడ పనికి పెట్టుకొన్నదన్నమాట.

బరువుతో బలమును భాగించినచో ఒక నిరాశ కలుగును. కొంప్రెసర్ అరచునపుడు టన్నుకు 72 అశ్వశక్తి. ఊరకున్నపుడు 46 మాత్రమే. నేడు మన ఊళ్లలో తిరుగు ఒక లీటరు ఇంజను గల చిన్న కారులకు సైతము టన్నుకు 70, 80 ఉండును. ఈ పోలిక అన్యాయమనువారు ఆ కాలపు కారునే చూడవచ్చును. 540కె పుట్టిన 1936లోనే, అదే జర్మనీలో బిఎండబ్ల్యు 328 పుట్టినది. దాని ఇంజను రెండు లీటర్లకు లోపు, కొంప్రెసర్ లేదు, బలము 80 అశ్వశక్తి. కాని దాని బరువు 830 కిలోగ్రాములే. టన్నుకు 96 అశ్వశక్తి, వేగము గంటకు 150 కిలోమీటర్లు. ఒకరు బరువును అట్లే ఉంచి గాలిని నెట్టిరి. మరొకరు గాలిని దాని మానాన దానిని విడిచి, సిలిండరు తలను, కవాటములను, చట్రపు గొట్టములను సంస్కరించి బరువును తగ్గించిరి. రెండు కారులును ఒకే పనికి చేసినవి కావు. 328లో ఇద్దరు కూర్చుందురు, విలాసము లేదు. అయినను ఇంజనీరింగు దృష్టితో చూచినచో భవిష్యత్తు ఎవరి ప్రక్కన ఉన్నదో చెప్పుట కష్టము కాదు.

రోడ్లు కూడ మారుచుండెను. 1935 మే నెలలో ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్ నగరముల మధ్య వేగరహదారిలో ఒక భాగము తెరువబడినది. అట్టి రోడ్డుపై కావలసినది ఒక నిమిషపు ఉరుకు కాదు, గంటల తరబడి నిలుచు వేగము. కొద్దిసేపే పనిచేయు కొంప్రెసర్ దానికి సరియైన సమాధానము కాదు.

మొత్తము మీద 1936 నుండి 1940 వరకు 540కె లు నాలుగు వందలకు కొంచెము పైగ మాత్రమే తయారైనవి. ఒక్కొక్కటి 22,000 మార్కులు. ప్రత్యేకమైన రోడ్‌స్టర్ రకము 28,000. ఆ కాలమున జర్మనీలో ఉద్యోగస్థుని సగటు సంవత్సరాదాయము సుమారు 1,800 మార్కులు. పన్నెండేండ్ల సంపాదన పూర్తిగా కూడబెట్టినను ఒక కారు! 1932 ఆరంభమున ఆ దేశమున నిరుద్యోగులు అరువది లక్షలు. ఆ స్థితి నుండి అధికారము చేజిక్కించుకొన్న నాజీ ప్రభుత్వపు ప్రముఖులు ఈ కారులలో తిరిగిరి. వారిలో హెర్మన్ గోరింగ్ ఒకడు. యుద్ధ కాలములో ఈ సంస్థ కర్మాగారములలో విదేశీయులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరముల ఖైదీలు వేల సంఖ్యలో బలవంతపు చాకిరి చేసిరి. ఈ కారుల చరిత్రలో నుండి ఈ పుటను చింపివేయుట సరి కాదు.

యుద్ధముతో 540కె నిలిచిపోయినది గాని, గాలిని నెట్టు విద్య నిలువలేదు. ఇంజను బలమును ఖర్చు చేయక, వృథాగ పోవు పొగతోనే ఒక చక్రమును త్రిప్పి, దానితో గాలిని నొక్కవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూహీ 1905లోనే పేటెంటు పొంది ఉండెను. అదియే టర్బో. డీజిలు ఇంజనులో గాలిని మాత్రమే నొక్కుదురు, ఇంధనము చివర చేరును. కావున ముందుగ అంటుకొను భయము లేదు. టర్బోకు అదే తగిన ఇల్లయినది. 1960 తరువాత మన రైల్వేలకు వచ్చిన డబ్ల్యుడిఎం-2 డీజిలు ఇంజనులో పదునారు సిలిండర్లకు గాలిని నెట్టినది టర్బోయే. కాజీపేట, గుత్తి షెడ్లనుండి ఆ ఇంజన్లు దశాబ్దముల పాటు బండ్లు లాగినవి. అందులో టర్బో నుండి వెలువడిన వేడి గాలిని సిలిండరు చేరకమునుపే నీటి గొట్టముల మీదుగ పోనిచ్చి చల్లార్చెడివారు. నేటి లారీలలోను, చిన్న టర్బో కారులలోను రేడియేటరు దాపున ఇంకొక చిన్న రేడియేటరు వంటి పెట్టె కనబడును. దానిలో ప్రవహించునది నీరు కాదు, నొక్కిన గాలి. వేడిమి పాలైన ఆ మూడవ వంతును తిరిగి రాబట్టునది అదే. 540కె బానెట్టు ఎంత పొడవైనను, దాని క్రింద ఆ ఒక్క పెట్టె లేదు.